ఫర్మ్‌వేర్‌ను మార్చే బూట్ డిస్కు: ఫ్లాపీ నుంచి పెన్‌డ్రైవ్ దాకా

కంప్యూటరుకు కరెంటు అందిన మరుక్షణంలో ప్రాసెసరుకు హార్డ్ డిస్కు ఎక్కడుందో, తెర ఏ రకందో, మెమరీ ఎంతుందో ఏమీ తెలియదు. ఒక నిర్దిష్టమైన చిరునామా దగ్గర ఉన్న ఆదేశాన్ని చదివి అమలు చేయడం ఒక్కటే దానికి పుట్టుకతో వచ్చిన విద్య. ఆ చిరునామా దగ్గర, మదర్‌బోర్డుపై ఉన్న చిన్న చిప్పులో, కరెంటు పోయినా చెరిగిపోకుండా నిలిచి ఉండే ప్రోగ్రామునే ఫర్మ్‌వేర్ అంటారు. మీటలతో, తీగలతో స్థిరపడిన హార్డ్‌వేర్‌కూ, ఇష్టం వచ్చినప్పుడు మార్చుకోగల సాఫ్ట్‌వేర్‌కూ నడుమ ఉండే ఈ పొరకు ఆ పేరును 1967లో ఆషర్ ఓప్లర్ డేటామేషన్ పత్రికలో రాసిన వ్యాసంలో ప్రతిపాదించాడు.

ఈ పొరలో తప్పు దొర్లినా, కొత్త భాగాలను గుర్తించే శక్తి దానికి చాలకపోయినా దాన్ని మార్చాలి. చిక్కంతా అక్కడే ఉంది. తెరపై అక్షరం వేయాలన్నా, కీబోర్డు నుంచి మీట నొక్కును అందుకోవాలన్నా, డిస్కు నుంచి ఒక ముక్క చదవాలన్నా తొలితరం కంప్యూటర్లు ఫర్మ్‌వేర్‌నే ఆశ్రయించేవి కాబట్టి, నడుస్తున్న యంత్రంలో దాన్ని చెరిపి తిరగరాయడమంటే కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే. అందువల్ల ఆ పని చేసే ప్రోగ్రాము యంత్రంలో అప్పటికే ఉన్న వ్యవస్థపై ఆధారపడకుండా, బయటి నుంచి తెచ్చిన వేరొక చిన్న వ్యవస్థపై నిలబడి పని చేయవలసి వచ్చింది. యంత్రాన్ని స్వతంత్రంగా లేపగలిగే అలాంటి డిస్కునే బూటబుల్ డిస్కు అంటారు, దాని చరిత్ర ఫర్మ్‌వేర్ చరిత్రతో మొదటి నుంచీ పెనవేసుకునే సాగింది.

ఫ్లాపీ డిస్కు పుట్టింది ఉత్తరాలు, పద్దులు దాచుకోవడానికని చాలామంది అనుకుంటారు గాని, దాన్ని రూపొందించిన ఐబీఎం ఇంజనీర్ల ఉద్దేశం వేరు. 1970 ప్రాంతంలో వచ్చిన సిస్టమ్/370 శ్రేణి పెద్ద కంప్యూటర్లలో కొన్ని నమూనాలు తమ మైక్రోకోడును, అంటే ప్రాసెసరు ఒక్కొక్క ఆదేశాన్ని ఎలా నెరవేర్చాలో చెప్పే అంతర్గత సూచనలను, అర్ధవాహక మెమరీలో ఉంచుకునేవి. ఆ మెమరీ కరెంటు తీస్తే ఖాళీ అయిపోతుంది కాబట్టి, యంత్రాన్ని ప్రారంభించిన ప్రతిసారీ మైక్రోకోడును తిరిగి నింపే చవకైన సాధనం ఒకటి కావలసి వచ్చింది. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఐబీఎం బృందం ఇందుకోసం ఎనిమిది అంగుళాల వెడల్పున్న, వంగే గుణం గల అయస్కాంత పళ్ళేన్ని తయారు చేసింది. 1971లో బయటికి వచ్చిన ఆ తొలి ఫ్లాపీలో పట్టేది సుమారు 80 కిలోబైట్లు మాత్రమే, పైగా వాడుకరి దానిపై రాయడానికి వీల్లేదు, చదవడం ఒక్కటే. మైక్రోకోడులో దోషం బయటపడినప్పుడు దాన్ని సరిదిద్దిన కొత్త ఫ్లాపీని తపాలాలో పంపితే సరిపోయేది.

పదేళ్ళ తరువాత, 1981 ఆగస్టు 12న అదే ఐబీఎం విడుదల చేసిన పర్సనల్ కంప్యూటర్‌లో ఈ వెసులుబాటు మాయమైంది. బయోస్ అని పిలిచే దాని ఫర్మ్‌వేర్ పరిమాణం 8 కిలోబైట్లు, అది ఉన్నది కర్మాగారంలోనే శాశ్వతంగా ముద్ర పడిన రోమ్ చిప్పులో. తొలి బయోస్‌కు అదనపు కార్డులపై ఉండే ఫర్మ్‌వేర్‌ను వెతికే తెలివి లేకపోవడంతో, ఆ యంత్రానికి హార్డ్ డిస్కు తగిలించాలనుకున్నవారు 1982 అక్టోబరు 27 తేదీ వేసిన కొత్త బయోస్ చిప్పును తెప్పించుకుని, మూత విప్పి, పాత చిప్పును సాకెట్టులోంచి కాళ్ళు వంగకుండా పెకలించి, కొత్తదాన్ని అదే దిశలో కూర్చోబెట్టవలసి వచ్చింది. తిరగరాయగల చిప్పులు అప్పటికే లేకపోలేదు. ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ 1971లోనే ఈప్రామ్ అనే చిప్పును కనిపెట్టాడు. అయితే దాన్ని చెరపాలంటే బోర్డు నుంచి బయటికి తీసి, పైనున్న క్వార్ట్‌జ్ కిటికీ గుండా అతినీలలోహిత కిరణాలను చాలా నిమిషాల పాటు ప్రసరింపజేయాలి. మామూలు వాడుకరికి సాధ్యమయ్యే పని కాదది.

ఈ పరిస్థితిని మార్చింది ఫ్లాష్ మెమరీ. తోషిబా సంస్థకు చెందిన ఫుజియో మసువోకా 1984లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన అంతర్జాతీయ ఎలక్ట్రాన్ పరికరాల సదస్సులో దీన్ని వివరించాడు, 1988లో ఇంటెల్ తన ఫ్లాష్ చిప్పులను మార్కెట్లోకి తెచ్చింది. పెద్దపెద్ద భాగాలను విద్యుత్తుతోనే ఒక్కసారిగా చెరిపి, చిప్పును బోర్డు నుంచి తీయకుండానే తిరిగి రాయగలగడం దీని ప్రత్యేకత. 1990ల తొలి సంవత్సరాల్లో మదర్‌బోర్డుల తయారీదారులు బయోస్‌ను ఇందులో ఉంచడం మొదలుపెట్టగానే, ఫర్మ్‌వేర్ అనేది తపాలాలో వచ్చే చిప్పు స్థానంలో ఫోను తీగ మీదుగా దిగుమతి చేసుకోగల ఫైలుగా మారింది. మార్చవలసిన అవసరాలు కూడా అప్పుడే ముంచుకొచ్చాయి. హార్డ్ డిస్కుపై స్థానాన్ని సూచించే పాత పద్ధతి 1,024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్ల దగ్గర ఆగిపోవడంతో 528 మెగాబైట్లు దాటిన డిస్కులను పాత బయోస్‌లు పూర్తిగా చూడలేకపోయేవి. కొత్త ప్రాసెసర్లు ఏటేటా వచ్చిపడేవి. 2000 సంవత్సరం తేదీ సమస్య సరేసరి.

ఆ ఫైలును చిప్పులోకి ఎక్కించే బాధ్యత మళ్ళీ ఫ్లాపీ మీదే పడింది. అయితే ఫ్లాపీలోకి ఫైలును కాపీ చేసినంత మాత్రాన అది బూట్ కాదు. కంప్యూటరును లేపే శక్తి ఫైళ్ళ జాబితాలో కనిపించని చోట, డిస్కు మొట్టమొదటి సెక్టారులో ఉంటుంది. 512 బైట్ల ఆ సెక్టారును బూట్ సెక్టార్ అంటారు. బయోస్ దాన్ని మెమరీలో 31,744వ బైటు దగ్గర దించి, పగ్గాలను దానికి అప్పగిస్తుంది. హార్డ్ డిస్కులోనైతే తొలి సెక్టారులో 446 బైట్లు ప్రారంభ కోడుకూ, 64 బైట్లు నాలుగు విభాగాల వివరాలకూ పోగా, చివరి రెండు బైట్లలో 55, ఏఏ అనే షోడశాంశ గుర్తులు ఉంటాయి. ఆ గుర్తులు లేకపోతే అది బూట్ డిస్కు కాదని బయోస్ తేల్చేస్తుంది. డాస్ బూట్ సెక్టారు అంత ఇరుకులో ఫైళ్ళను క్షుణ్ణంగా వెతకలేదు కనుక ఐఓ.సిస్ అనే ఫైలు జాబితాలో మొదటి స్థానంలోనే ఉండాలని నియమం పెట్టుకుంది. డాస్‌లోని సిస్ అనే ఆదేశం చేసే పని ఇదే, బూట్ సెక్టారును రాసి, వ్యవస్థ ఫైళ్ళను వాటి వాటి స్థానాల్లో ఉంచడం.

విండోస్ వచ్చాక కూడా ఈ పనికి డాస్‌నే ఎంచుకోవడానికి బలమైన కారణం ఉంది. డాస్ ఒకసారి ఒకే ప్రోగ్రామును నడుపుతుంది, ఆ ప్రోగ్రాము హార్డ్‌వేర్‌తో నేరుగా మాట్లాడుతుంటే అడ్డు చెప్పదు. మెమరీని నిర్వహించే అదనపు డ్రైవర్లను కూడా ఎక్కించకుండా, ఏమీ లేని డాస్‌లోకి బూట్ కావాలని తయారీదారులు సూచనల్లో నొక్కి చెప్పేవారు. అవార్డ్ బయోస్‌కు ఏడబ్ల్యూడీఫ్లాష్, ఏఎంఐ బయోస్‌కు ఏఎంఐఫ్లాష్ వంటి ప్రోగ్రాములు ముందుగా కొత్త ఫైలును మొత్తంగా మెమరీలోకి చదువుకుని, అది ఆ బోర్డుకు సంబంధించినదేనా అని సరిచూసి, పాత బయోస్‌ను ఫ్లాపీపై భద్రపరచుకోమని అడిగేవి. ఆ తరువాతే అసలు ఘట్టం. ఫ్లాష్ చిప్పును చెరిపితే అందులోని బిట్లన్నీ ఒకట్లుగా మారతాయి, అవసరమైన చోట వాటిని సున్నాలు చేయడమే రాయడం. చెరుపుతున్నంతసేపూ, రాస్తున్నంతసేపూ ఆ చిప్పు తనలోని కోడును చదవనివ్వదు, పని ఎంతవరకు వచ్చిందో మాత్రమే చెబుతుంది. కనుక ఆ వ్యవధిలో బయోస్ సేవలను పిలవడానికి వీలుండదు, ప్రోగ్రాము మెమరీలోని తన సొంత కోడుతోనే ముందుకు సాగాలి.

ఆ వ్యవధిలో కరెంటు పోతే చిప్పు సగం పాతగా, సగం ఖాళీగా మిగిలి, యంత్రం మళ్ళీ లేవదు. దీనికి విరుగుడుగా ఇంటెల్ 1990ల ఆరంభంలోనే బూట్ బ్లాక్ ఉన్న ఫ్లాష్ చిప్పులను తెచ్చింది. వాటిలో 128 కిలోబైట్ల చిప్పు ఒకదానిలో 8 కిలోబైట్ల భాగాన్ని వేరుచేసి, మామూలు చెరిపివేతకు అందకుండా తాళం వేసే ఏర్పాటు చేశారు. తక్కిన బయోస్ పాడైందని గుర్తించినప్పుడు ఆ చిన్న కోడు ఫ్లాపీ డ్రైవును మాత్రం లేపి, అందులోని డిస్కు నుంచి బూట్ చేయగలిగేది. కొత్త రకం వీడియో కార్డులను మేల్కొలిపే స్తోమత దానికి ఉండకపోవడంతో తెర నల్లగానే ఉండేది. అందువల్ల అనుభవజ్ఞులైన మెకానిక్కులు ఆటోఎగ్జెక్.బ్యాట్ ఫైలులో ఆదేశాలన్నీ ముందే రాసిపెట్టి, ఎవరూ ఏ మీటా నొక్కకుండానే పని పూర్తయ్యేలా చూసుకుని, డ్రైవు దీపం ఆరడాన్ని బట్టి పని ముగిసిందని గ్రహించేవారు.

తిరగరాయగల సౌలభ్యం శత్రువులకూ అందింది. 1999 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అనే పేరుతో ప్రచారమైన సీఐహెచ్ వైరస్ విజృంభించి, హార్డ్ డిస్కులోని సమాచారంతో పాటు కొన్ని రకాల మదర్‌బోర్డులపై బయోస్‌ను కూడా చెరిపివేయడంతో, దక్షిణ కొరియా సహా పలు ఆసియా దేశాల్లో భారీ నష్టం జరిగింది. రాతను అడ్డుకునే జంపర్లకు, ఒక చిప్పు చెడితే రెండోది ఆదుకునే జంట బయోస్ బోర్డులకు ఆదరణ పెరగడానికి ఇలాంటి అనుభవాలే దోహదం చేశాయి.

ఈలోగా ఫ్లాపీ చిన్నదైపోయింది. బయోస్ పరిమాణం 2 మెగాబైట్లకు చేరాక 1.44 మెగాబైట్ల డిస్కులో అది పట్టే ప్రసక్తే లేదు. దాని స్థానంలోకి వచ్చిన సీడీ మాత్రం, ఫ్లాపీ వేషం కట్టుకునే రంగప్రవేశం చేసింది. 1995 జనవరిలో ఫీనిక్స్, ఐబీఎం సంస్థల ఇంజనీర్లు రూపొందించిన ఎల్ టొరీటో ప్రమాణం ప్రకారం, సీడీలో దాచిన ఒక ఫ్లాపీ ప్రతిబింబాన్ని బయోస్ అసలైన ‘ఏ:’ ఫ్లాపీ డ్రైవుగా డాస్‌కు చూపిస్తుంది. హార్డ్ డిస్కు ప్రతిబింబాన్నీ అదే విధంగా చూపవచ్చు. 2000లో 8 మెగాబైట్ల సామర్థ్యంతో అమ్మకానికి వచ్చిన పెన్‌డ్రైవులు కూడా ఈ సంప్రదాయాన్ని తప్పించుకోలేదు. ఒకే పెన్‌డ్రైవును కొన్ని బయోస్‌లు ఫ్లాపీగా, కొన్ని హార్డ్ డిస్కుగా, మరికొన్ని జిప్ డ్రైవుగా భావించడంతో, ఒక కంప్యూటరులో బూట్ అయినది మరొకదానిలో కాకపోయేది.

థింక్‌ప్యాడ్ లాప్‌టాప్‌ల కోసం లెనోవో విడుదల చేసిన బయోస్ సీడీలు ఈ వేషాల పరంపరకు చక్కని ఉదాహరణ. సీడీ డ్రైవు లేని లాప్‌టాప్ యజమాని ఆ సీడీ ప్రతిబింబమైన ఐఎస్ఓ ఫైలును ఉన్నదున్నట్టుగా పెన్‌డ్రైవుపై రాస్తే అది బూట్ కాదు, ఎందుకంటే సీడీకి ప్రారంభంలో హార్డ్ డిస్కుకు ఉండవలసిన బూట్ సెక్టారు ఉండదు. అయితే ఆ సీడీ కడుపులోనే ఎల్ టొరీటో పద్ధతిలో ఒక పూర్తి హార్డ్ డిస్కు ప్రతిబింబం ఇమిడి ఉంటుంది. గెట్‌ఎల్‌టొరీటో అనే చిన్న ప్రోగ్రాముతో దాన్ని బయటికి తీసి, పెన్‌డ్రైవులో ఏదో ఒక విభాగంలోకి కాకుండా మొదటి సెక్టారు నుంచి మొత్తం డ్రైవుపై రాస్తే, ఆ పెన్‌డ్రైవు బూట్ అవుతుంది.

డాస్‌ను మైక్రోసాఫ్ట్ వదిలేశాక దాని లోటును తీర్చింది ఫ్రీడాస్. అమెరికాలో విద్యార్థిగా ఉన్న జిమ్ హాల్ 1994 జూన్ 29న ప్రకటించిన ఈ స్వేచ్ఛా వ్యవస్థ 2006లో 1.0 సంచికకు చేరింది, ఎవరైనా పంచుకోవచ్చు కనుక తయారీదారులు తమ ఫర్మ్‌వేర్ డిస్కుల్లో నిస్సంకోచంగా చేర్చుకున్నారు. 2011లో పీట్ బటార్డ్ విడుదల చేసిన రూఫస్ ప్రోగ్రాము ఫ్రీడాస్‌ను తనలోనే ఉంచుకుని, విభాగం సృష్టించడం, బూట్ సెక్టారు రాయడం, వ్యవస్థ ఫైళ్ళు చేర్చడం అనే మూడు పనులనూ ఒకే బొత్తాం కిందికి తెచ్చింది.

వేషాల అవసరాన్ని మొత్తంగా తొలగించింది యూఈఎఫ్ఐ. ఇటానియమ్ ప్రాసెసర్ల కోసం ఇంటెల్ 1990ల నడుమ ఆరంభించి, 2005లో ఉమ్మడి వేదికకు అప్పగించిన ఈ కొత్త తరం ఫర్మ్‌వేర్‌కు బూట్ సెక్టారుతో పనిలేదు. ఫ్యాట్ పద్ధతిలో అమర్చిన డిస్కులోని ఫైళ్ళను అది స్వయంగా చదవగలదు. ఈఎఫ్ఐ అనే ఫోల్డరులోని బూట్ ఫోల్డరులో బూట్‌ఎక్స్64.ఈఎఫ్ఐ అనే ఫైలు ఉంటే చాలు, ఆ పెన్‌డ్రైవు బూట్ డిస్కే. చాలా బోర్డులలో అంత కూడా అక్కర్లేదు, ఫర్మ్‌వేర్ ఫైలును ఫ్యాట్32 పెన్‌డ్రైవులో వేసి, సెటప్ తెరలో దాన్ని ఎంచుకుంటే ఫర్మ్‌వేరే తనను తాను తిరగరాసుకుంటుంది. పాత పద్ధతి బూట్‌కు మద్దతును 2020 నాటికి ఆపివేస్తామని ఇంటెల్ 2017లో ప్రకటించడంతో డాస్ డిస్కుల కాలం ముగింపుకు వచ్చింది.

అయినా బయటి ఆధారం అవసరం తీరిపోలేదు. 2018లో ఏఎండీ కొత్త ప్రాసెసర్లు కొన్నవారికి, వాటిని గుర్తించే బయోస్ తమ బోర్డులో లేకపోవడం వల్ల కంప్యూటరు లేవని, లేవకపోతే బయోస్ మార్చలేని ఇరకాటం ఎదురైంది. అప్పుడు ఆ సంస్థ పాత బయోస్‌తో నడిచే ప్రాసెసరును అరువుగా పంపే ఏర్పాటు చేసింది. కొన్ని బోర్డులు ఇందుకు వేరే దారి చూపాయి. ప్రాసెసరు, మెమరీ ఏవీ లేకపోయినా, నిర్దేశించిన పేరున్న ఫైలుతో పెన్‌డ్రైవును ప్రత్యేక పోర్టులో పెట్టి బొత్తాం నొక్కితే, బోర్డుపై ఉన్న చిన్న నియంత్రణ చిప్పు ఆ ఫైలును చదివి ఫ్లాష్‌లోకి ఎక్కిస్తుంది.

ఇప్పుడు మారిన అంశం అధికారం. ఫ్లాపీ కాలంలో డిస్కు చేతిలో ఉన్నవాడు, యజమాని అయినా దుండగుడైనా, చిప్పులో తనకు నచ్చింది రాయగలిగేవాడు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2011లో వెలువరించిన బయోస్ రక్షణ మార్గదర్శకాల నుంచి, తయారీదారు డిజిటల్ సంతకం ఉన్న ఫైలును మాత్రమే అంగీకరించాలన్న నియమం స్థిరపడుతూ వచ్చింది. ఆ సంతకం వల్లనే 2015లో రిచర్డ్ హ్యూస్ లినక్స్ కోసం ఆరంభించిన ఎఫ్‌డబ్ల్యూఅప్‌డి వంటి సేవలు, నడుస్తున్న వ్యవస్థ నుంచే ఫర్మ్‌వేర్‌ను అందించి, మరుసటి బూట్‌లో ఎక్కించగలుగుతున్నాయి. అయితే తయారీదారు ఒక నమూనాకు కొత్త ఫైళ్ళు ఇవ్వడం మానేసిన రోజున, యజమాని చేతిలోని బూట్ డిస్కుకు ఆ తలుపు తెరుచుకోదు. కోర్‌బూట్ వంటి స్వేచ్ఛా ఫర్మ్‌వేర్‌ను కోరుకునేవారు అలాంటి యంత్రాల మూత విప్పి, ఎనిమిది కాళ్ళ ఫ్లాష్ చిప్పుకు క్లిప్పు తగిలించి, మరో కంప్యూటరు నుంచి నేరుగా రాస్తున్నారు. రక్షణ ఎంత పెరిగితే మరమ్మతు హక్కు అంతగా తాళంచెవి ఉన్నవారి చేతికి పోతుంది కనుక, తయారీదారు తప్పుకున్నాక ఆ తాళంచెవి ఎవరికి దక్కాలన్నదే ఫర్మ్‌వేర్ విషయంలో ఇక తేలవలసిన ప్రశ్న.