ఇంజను వేడెక్కితే నింద ఎవరిది?

సాలూరు పట్టణం దాటి ఒడిశా వైపు సాగే 26వ నంబరు జాతీయ రహదారి కొంతదూరం మైదానంలో నడిచి, ఆపై సుంకి దిశగా కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. సాలూరు సముద్రమట్టానికి సుమారు 120 మీటర్ల ఎత్తున ఉంటే, ఆవలి కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఆ తేడా అంతా ఘాట్ రోడ్డు మలుపులలో బండి ఇంజనే మోయాలి. లారీ పరిశ్రమలో విజయవాడ తరువాత సాలూరే అని చెప్పుకునే ఈ ఊరిలో, ఏ వీధిలో అడిగినా ఘాట్‌లో బండి వేడెక్కిన కథ ఒకటి దొరుకుతుంది. ఇది మా కథ. ఇందులో ఇంజను తప్పు కొంత, మా చేతుల తప్పు మరికొంత ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది మా నాలుక తప్పు.

ఈద్‌కు జయపురంలో ఉన్న మా అక్కయ్య ఇంటికి అమ్మీని, పిల్లలను తీసుకువెళ్ళాలని షాబాన్ నెలలోనే అనుకున్నాము. మా డీజిల్ బండి పాతది. రేడియేటర్ కారుతోంది, నీటి పంపు దగ్గర తడి కనిపిస్తోంది. మెకానిక్కుకు ఇచ్చే కూలి మిగులుతుందని, పని తెలియనిది కాదని, ఇంటి పెరటిలోనే మేము, మా తమ్ముడు కలిసి రెండు రోజులు కష్టపడ్డాము. రేడియేటర్, నీటి పంపు, థర్మోస్టాట్ వాల్వు, పైగొట్టం, కిందిగొట్టం అన్నీ కొత్తవి బిగించాము. రేడియేటర్ నిండా కూలెంటు కలిపిన నీరు పోసి, మూత బిగించి, బిస్మిల్లాహ్ అని బయలుదేరాము.

ఊరిలో తిరిగినంతసేపు గేజీ ముల్లు మధ్యలోనే ఉంది. ఘాట్ మొదలై నాలుగు మలుపులు తిరిగేసరికి అది ఎర్రగీతను తాకింది.

అక్కడ బండి ఆపి చేసిన ఒక్క మంచిపని ఏమిటంటే, మూత ముట్టుకోకపోవడం. తమ్ముడు గుడ్డ చుట్టి తిప్పబోతే ఆపాము. రేడియేటర్ మూత ప్రెషర్ కుక్కర్ వెయిట్ వంటిది. లోపల ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది కనుకనే నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీసిన క్షణాన ఆ ఒత్తిడి పోతుంది, నీరంతా ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. ఇంజను ఆపిన తరువాత కనీసం అరగంట, పైగొట్టాన్ని చేతితో పట్టుకోగలిగేంతవరకు ఆగవలసిందే. కాగిన ఇంజనులో చన్నీళ్ళు గుమ్మరించడం కూడా ప్రమాదమే, సిలిండర్ హెడ్ పగిలే అవకాశం ఉంది. మేము రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని, సీసాలో ఉన్న నీళ్ళతో వుజూ చేసుకుని అస్ర్ నమాజు చదువుకున్నాము. అప్పటికి బండి చల్లారింది.

అయితే బండి చల్లారింది కానీ మేము చల్లారలేదు. దారి పొడవునా ఒకటే మాట: అన్నీ కొత్త సామాన్లు వేసినా వేడెక్కిందంటే, ఇచ్చినవి నకిలీవి కాక మరేమిటి? ఆ మరునాడు జుమా. నమాజు ముగించి మస్జిదు మెట్లు దిగుతూ, తెలిసినవారు ఇద్దరు బండి సంగతి అడిగితే, ఫలానా దుకాణంలో నకిలీ సరుకు అమ్ముతున్నారని చెప్పేశాము. అనుమానంగా ఉంది అనలేదు. అమ్ముతున్నారు అన్నాము.

తరువాత థర్మోస్టాట్‌ను విప్పి తీసుకుని దుకాణానికి వెళ్ళాము. గొంతు పెద్దది చేశామని ఒప్పుకోవాలి. యజమాని వయసులో పెద్దవారు. మేము చెప్పినదంతా విని, లోపలినుండి ఒక గిన్నె తెప్పించి, స్టవ్ మీద నీళ్ళు పెట్టించి, థర్మోస్టాట్‌ను దారంతో కట్టి అందులో వేలాడదీశారు. దాని మీద 82 అని ముద్రించి ఉంది. నీరు కాగుతూ, ఇంకా తెర్లకముందే, ఆ వాల్వు మెల్లగా నోరు తెరిచింది. బయటికి తీస్తే మళ్ళీ మూసుకుంది. లోపల ఉన్న మైనం వేడికి వ్యాకోచించి వాల్వును నెడుతుంది, అంతే దాని యంత్రాంగం. మేము చూస్తూ నిలబడిపోయాము.

"భాయి గారూ, నీళ్ళు పోశారు సరే. గాలి తీశారా?" అని అడిగారాయన.

తీయలేదు. తీయాలని కూడా తోచలేదు.

ఇళ్ళలో బావి మోటారు ఉన్నవారికి ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది. ఫుట్‌వాల్వు కారి గొట్టంలోకి గాలి చేరితే, మోటారు ఎంతసేపు తిరిగినా చుక్క నీరు రాదు. పైనుండి నీళ్ళు పోసి గాలిని వెళ్ళగొడితే గాని తోడదు. ఇంజను నీటి పంపూ అటువంటిదే. దాని రెక్కలు నీటిని నెట్టగలవు, గాలిని నెట్టలేవు. భాగాలు మార్చేటప్పుడు ఇంజను లోపలి దారులన్నీ ఖాళీ అవుతాయి. మనం పైనుండి గబగబా నీళ్ళు పోస్తే, థర్మోస్టాట్ మూసి ఉండటం వల్ల దాని వెనుక గాలి చిక్కుకుంటుంది. రేడియేటర్ అంచు వరకు నిండినట్లే కనిపిస్తుంది. సిలిండర్ల చుట్టూ మాత్రం నీటికి బదులు గాలి ఉంటుంది. ఉష్ణోగ్రతను కొలిచే సెన్సారు ఆ గాలిలో ఉండిపోతే ముల్లు కూడా తప్పు చెబుతుంది, ఒక్కోసారి చల్లగానే ఉందని నమ్మిస్తుంది. నీటిని పైకి తోడే యంత్రాల గురించి అల్ జజరీ 1206లో పూర్తిచేసిన గ్రంథంలో ఐదు రకాలు వర్ణించాడు. వాటిలో జంట సిలిండర్లతో, పీల్చే గొట్టాలతో పనిచేసే పంపు ఒకటి. ఆయన ముందు ఉన్న చిక్కూ ఇదే అయి ఉంటుంది అనుకుంటాము, నీటి దారిలోకి గాలి రాకుండా చూడటం.

ఆ పెద్దమనిషి చెప్పినట్లే చేశాము. ఇంటి ముందున్న వాలు మీద బండి ముందుభాగం ఎత్తుగా ఉండేలా నిలిపి, ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మూత తీశాము. థర్మోస్టాట్‌లో ఉండే చిన్న గాలిరంధ్రం పైవైపు వచ్చేలా, దాని స్ప్రింగు ఇంజను వైపు ఉండేలా మళ్ళీ బిగించాము. మొదటిసారి ఆ రంధ్రం కిందికి పెట్టామని అప్పుడే తెలిసింది. ధారగా కాక, సన్నగా, ఆగి ఆగి నీరు పోశాము. హీటరు మీటను పూర్తి వేడికి తిప్పాము. ఉత్తరాంధ్ర ఉక్కపోతలో హీటరేమిటని పిల్లలు నవ్వారు కానీ, హీటరు గొట్టాలలో కూడా ఇదే నీరు తిరుగుతుంది, అక్కడి గాలి కూడా బయటికి రావాలి. ఇంజను వేసి నెమ్మదిగా తిరగనిచ్చాము. కొంతసేపటికి పైగొట్టం ఉన్నట్టుండి వేడెక్కింది, అంటే వాల్వు తెరుచుకున్నదన్నమాట. గుడగుడమని బుడగలు వచ్చి, రేడియేటర్‌లో నీటిమట్టం ఒక్కసారిగా దిగిపోయింది. మళ్ళీ పోశాము. బుడగలు ఆగేదాకా ఇలాగే చేసి, మూత బిగించి, రాత్రంతా చల్లారనిచ్చి, ఫజ్ర్ తరువాత చూస్తే పక్కడబ్బాలో మట్టం ఇంకా కొంచెం తగ్గి ఉంది. అదీ నింపాము. రెండు లీటర్లకు పైగా పట్టింది. అంత గాలితో మేము ఘాట్ ఎక్కబోయాము!

రెండవసారి వెళ్ళినప్పుడు నాలుగు మలుపులు కాదు, చాలా దూరం ఎక్కాము. అయినా ముల్లు మెల్లగా పైకి జరుగుతూనే ఉంది. ఈసారి ఎవరినీ నిందించే ధైర్యం మాకు లేదు. ఆపి, బానెట్ తెరిచి, తీరికగా చూశాము. వేగంగా పోయే చదును రోడ్డు మీద వేడెక్కడం లేదు, ఎదురుగాలి రేడియేటర్‌ను చల్లబరుస్తోంది. ఘాట్‌లో రెండవ గేరులో నెమ్మదిగా ఎక్కేటప్పుడు మాత్రమే వేడెక్కుతోంది. అక్కడ ఎదురుగాలి ఉండదు, భారమంతా ఫ్యాన్ మీదే. ఫ్యాన్ చుట్టూ ఉండవలసిన ప్లాస్టిక్ తొడుగు ఏది? అది మా పెరటి గోడకు ఆనించి ఉంది! విప్పేటప్పుడు తుప్పుపట్టిన బోల్టు ఒకటి విరిగితే, తొడుగు లేకపోయినా నడుస్తుందిలే అని పక్కన పెట్టాము. తొడుగు లేకపోతే ఫ్యాన్ రేడియేటర్ గుండా గాలిని లాగదు, పక్కలనుండి తేలికగా వచ్చే గాలినే తిప్పుతూ ఉంటుంది. కొత్త బోల్టు వెల కంటే ఆ రోజు తాగిన టీలకే ఎక్కువ ఖర్చయింది.

అందరి బండిలో జబ్బు ఇదే అనలేము. కానీ వేడెక్కే వేళను, తీరును గమనిస్తే సగం జవాబు దొరుకుతుంది. పైగొట్టం కాగుతూ కిందిగొట్టం చల్లగానే ఉంటే నీరు తిరగడం లేదు: వాల్వు తెరుచుకోలేదో, పంపు నెట్టడం లేదో, రేడియేటర్ మూసుకుపోయిందో చూడాలి. వేగంలోనే వేడెక్కితే రేడియేటర్ పూడిక మీద, పీల్పుకు చొట్టబోయే మెత్తని కిందిగొట్టం మీద అనుమానం. కరెంటు ఫ్యాన్ ఉన్న కార్లలో తీగలు తారుమారుగా కలిపితే ఫ్యాన్ వెనక్కు తిరుగుతుంది. చూపుకు తిరుగుతున్నట్లే ఉంటుంది కనుక కాగితం ముక్క పెట్టి గాలి ఎటు లాగుతోందో చూసుకోవాలి. బెల్టును తప్పుదారిలో చుడితే కొన్ని ఇంజన్లలో పంపే ఎదురు తిరుగుతుంది. గాలి అంతా తీసిన తరువాత కూడా రేడియేటర్‌లో బుడగలు ఆగకపోతే, ఎక్కడా కారకుండానే నీరు తరిగిపోతుంటే, ఆయిలు పాలలా తెల్లబడితే, హెడ్ గాస్కెట్ పోయిందని అర్థం. అక్కడితో పెరటి మరమ్మతు ఆపి, తెలిసిన మెకానిక్కుకు అప్పగించాలి.

థర్మోస్టాట్ తీసి పారేస్తే గొడవ వదిలిపోతుందని చాలామంది సలహా ఇస్తారు. మాకూ ఇచ్చారు. తీసేస్తే ఇంజను తగిన వేడికి చేరడం ఆలస్యమై డీజిల్ ఎక్కువ తాగుతుంది, లోపలి భాగాలు త్వరగా అరుగుతాయి. పైగా అసలు జబ్బు అలాగే ఉంటుంది.

మరో చిట్కా పసుపు. రేడియేటర్ కారుతుంటే గుప్పెడు పసుపు వేస్తే కారడం ఆగుతుందని మన వైపు అందరికీ తెలుసు. అడవిదారిలో చిక్కుకున్నప్పుడు ఊరు చేరడానికి అది పనికివస్తుంది. కానీ ఆ పసుపే సన్నని గొట్టాలలో గడ్డకట్టి దారి మూసేస్తుంది. మేము ఈ బండి కొన్న రోజున రేడియేటర్ నీరు పచ్చగా ఉంటే, మంచి కూలెంటు అనుకుని మురిసిపోయాము. పాత రేడియేటర్ విప్పాకే తెలిసింది, అమ్మినవారు పసుపుతో కంత మూసి మాకు అంటగట్టారని. ఘాట్‌లో రెండవసారి ఆగినప్పుడు తమ్ముడు విసిగి, "మనమూ ఏదో ఒకటి పోసి అమ్మేద్దాం" అన్నాడు. తడిసిన ధాన్యాన్ని కుప్ప అడుగున దాచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (స) మందలించిన సంఘటన మదరసాలో చదువుకున్నవాడే వాడు. అన్న మరుక్షణమే తల దించుకున్నాడు. ఎవరో మన అమ్మీ కూర్చున్న సీటులో తమ అమ్మను కూర్చోబెట్టుకుని ఈ ఘాట్ ఎక్కుతారు కదా.

పనిలో పనిగా గృహిణులకు ఒక హెచ్చరిక. కూలెంటు రుచికి తియ్యగా ఉంటుంది, అది విషం. మేము దింపిన పాత నీటిని పళ్ళెంలో వదిలేస్తే పొరుగింటి మేక దాని దగ్గరకు వచ్చింది. అమ్మీ చూసి తరిమారు. పెరటిలో పోయకుండా డబ్బాలో పట్టి మూతబిగించి, పిల్లలకు, కోళ్ళకు అందని చోట ఉంచాలి. రేడియేటర్‌లో బోరు నీరు పోయకూడదు, అందులోని సున్నం పొలుసుకట్టి దారులు పూడుస్తుంది. బ్యాటరీకి వాడే డిస్టిల్డ్ వాటర్ కలపడం మేలు.

ఈద్ నాటికి తొడుగు బిగించుకుని, అందరం జయపురం వెళ్ళివచ్చాము. అల్ హమ్దులిల్లాహ్, ముల్లు మధ్యగీత దాటలేదు. కానీ లెక్క అక్కడితో తేలలేదు. తెలియని వార్తను విచారించి గాని చెప్పవద్దని, అనుమానాలకు దూరంగా ఉండమని ఆదేశించే అల్ హుజురాత్ సూరాను ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు, మస్జిదు మెట్ల మీద మాత్రం అది గుర్తుకు రాలేదు. దుకాణం ఆయన దగ్గరకు వెళ్ళి క్షమించమని అడిగాము. గొంతు పెద్దది చేసినందుకు అనుకుని ఆయన తేలికగా నవ్వేశారు. నకిలీ సరుకు అని పదిమందిలో అన్నామని చెప్పాక కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "నాకు చెప్పారు, సంతోషం. వాళ్ళకి చెప్పారా?" అన్నారు.

జుమా రోజున విన్న ఇద్దరినీ కలిశాము. ఒకరు తాను మరెవరికీ చెప్పలేదన్నారు. రెండవవారు మాత్రం అదే సాయంత్రం తనకు తెలిసిన లారీ డ్రైవరు ఒకాయనకు చెప్పారట, ఆయన ఆ దుకాణంలో కొనబోయిన పంపు మానుకుని వేరేచోట కొన్నారట. ఆ లారీ రాయపూర్ లోడుతో వెళ్ళి ఇంకా తిరిగి రాలేదు. వచ్చిన రోజు కబురు పెట్టమని చెప్పి ఉంచాము.