చప్పట్లకు జవాబిచ్చే యంత్రాలు

ఇంటరాక్టివ్ మీడియా ఆర్ట్‌లో చూసేవాళ్లు ఊరికే నిలబడితే ఏమీ జరగదు. దగ్గరికి రావాలి, చెయ్యి ఊపాలి, ఒక వస్తువు ఎత్తాలి, లేదా ఏదైనా మాట్లాడాలి. అప్పుడే తెర మీద బొమ్మ కదులుతుంది, పాట మొదలవుతుంది, దీపం రంగు మారుతుంది. మనిషి చేసిన పనిని సెన్సర్‌తో పసిగట్టి, చిన్న కంప్యూటర్‌తో లెక్కగట్టి, వెలుగుగానో శబ్దంగానో కదలికగానో తిరిగి ఇచ్చే విద్యకు ఫిజికల్ కంప్యూటింగ్ అని పేరు. విద్యార్థుల ప్రాజెక్టుల్లో ఈ రెండూ కలిసే ఉంటాయి.

బదులివ్వడం అంటే ఏమిటో హైదరాబాద్‌లో రెండు పాత చోట్ల చూడవచ్చు. సాలార్‌జంగ్ మ్యూజియంలోని సంగీత గడియారం ముందు మధ్యాహ్నం 12 అయ్యేసరికి జనం గుమిగూడతారు. గడ్డం ఉన్న చిన్న బొమ్మ బయటికొచ్చి గంటలు కొట్టి లోపలికి పోతుంది. ఎదురుగా వెయ్యి మంది ఉన్నా, ఒక్కరూ లేకున్నా అది చేసే పని ఒకటే. గోల్కొండలో సంగతి వేరు. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో, కొండ మీది బాలాహిస్సార్ దగ్గర వినబడుతుంది. కొట్టకపోతే ఏమీ లేదు. ఎల్ఈడీలు వరసగా వెలిగి ఆరే విద్యార్థి ప్రాజెక్టులు చాలావరకు గడియారం దగ్గరే ఆగిపోతాయి. చూడ్డానికి బాగానే ఉంటాయి కానీ ఎదుటి మనిషితో వాటికి పని లేదు.

ఈ విద్యలో విద్యార్థులు ఇప్పుడు వాడే సాధనాలు కూడా ఒకప్పటి విద్యార్థులు చేసినవే. కళాకారులు సులువుగా ప్రోగ్రాం రాసుకోవాలని అమెరికాలోని ఎంఐటీలో కేసీ రియాస్, బెన్ ఫ్రై 2001లో ప్రాసెసింగ్ అనే భాషను మొదలుపెట్టారు. అదే సౌకర్యాన్ని సర్క్యూట్ బోర్డుకు తేవాలని, ఇటలీలోని ఇవ్రేయా డిజైన్ సంస్థలో చదువుతున్న కొలంబియా విద్యార్థి హెర్నాండో బర్రాగాన్ తన థీసిస్ కోసం వైరింగ్ అనే బోర్డు చేశాడు. దాని మీద ఆధారపడి, ఇంకా చవగ్గా, 2005లో అక్కడే ఆర్డుయినో పుట్టింది. ఆ పేరు ఊళ్లోని ఒక బార్‌ది. బర్రాగాన్‌కు దక్కాల్సినంత పేరు దక్కలేదన్న మాట ఇప్పటికీ ఉంది. అందులో నిజం లేకపోలేదు.

కళ మాత్రం బోర్డుల కంటే పాతది. మైరన్ క్రూగర్ అనే అమెరికన్ 1969 నుంచే మనిషి కదలికకు బదులిచ్చే గదులు కట్టాడు. అతని వీడియోప్లేస్‌లో కెమెరా మనిషి ఆకారాన్ని నీడలా మార్చి తెర మీద వేసేది. ఆ నీడతో ఒక చిన్న కంప్యూటర్ జీవి ఆడుకునేది. తోలుబొమ్మలాట చూసిన తెలుగువాళ్లకు ఇది కొత్తగా తోచదు. తేడా ఒకటే, ఇక్కడ బొమ్మ ప్రేక్షకుడే.

ఆర్డుయినో ఊనో బోర్డులో 14 డిజిటల్ పిన్నులు, 6 అనలాగ్ పిన్నులు ఉంటాయి. వేగం 16 మెగాహెర్ట్జ్, మెమరీ 32 కిలోబైట్లు. ఇవాళ్టి చవక ఫోన్‌తో పోల్చినా ఏ మూలకూ చాలదు. అయితే అది చేసేది ఒకే పని: సెన్సర్‌ను చదవడం, తేల్చుకోవడం, బదులివ్వడం, మళ్లీ మొదటికి రావడం. ఈ చుట్టు సెకనుకు వేలసార్లు తిరుగుతుంది. అనలాగ్ పిన్ను మీద 0 నుంచి 5 వోల్టుల మధ్య ఎంత వస్తే అంతను 0 నుంచి 1023 మధ్య ఒక అంకెగా మార్చుకుంటుంది. వెలుతురు సెన్సర్ పైన చెయ్యి అడ్డుపెడితే ఆ అంకె పడిపోతుంది. బోర్డు దృష్టిలో మనిషి అంటే ఆ అంకె మారడమే.

న్యూయార్క్ యూనివర్సిటీలో ఈ పాఠం చెప్పిన డాన్ ఓసల్లివన్, టామ్ ఐగో 2004లో రాసిన పుస్తకంలో కంప్యూటర్‌కు మనిషి ఎలా కనబడతాడో ఒక బొమ్మ ఉంది: ఒక వేలు, ఒక కన్ను, రెండు చెవులు. కీబోర్డు, తెర, స్పీకర్లు చాలనుకునే యంత్రానికి కాళ్లు, భుజాలు, ఊపిరి లెక్కలోకి రావు. వాటిని లెక్కలోకి తేవడమే ఈ ప్రాజెక్టుల పని. అందుకే సర్క్యూట్ కంటే ముందు మనిషి ఒంటిని గమనించాలి.

ఆ గమనింపుకు తెలంగాణలో గొప్ప ఉదాహరణ ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం. పోచంపల్లి రకం చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చుట్టాలంటే, చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూసిన మల్లేశం, పెద్దగా చదువుకోకపోయినా, ఏళ్ల తరబడి పట్టుబట్టి 1999 నాటికి ఆసు యంత్రాన్ని నిలబెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అది కళాప్రాజెక్టు కాదు, బతుకు కోసం చేసిన పనిముట్టు. కానీ ఒక చేతి కదలికను ఏళ్ల తరబడి చూసి, దాన్ని ముక్కలు చేసి, యంత్రానికి అప్పజెప్పిన తీరు డిజైన్ విద్యార్థులు మొదట చదవాల్సిన పాఠం.

ఈ ప్రాజెక్టులకు కావలసిన సామాను ఇప్పుడు దొరకనిది కాదు. కేంద్రం 2016లో మొదలుపెట్టిన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద 6 నుంచి 12 తరగతుల వరకు ఉన్న బడులకు టింకరింగ్ ల్యాబులు వచ్చాయి. ఒక్కో ల్యాబుకు 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు. దేశమంతటా ఇవి 10 వేలకు చేరాయి. హైదరాబాద్ రాయదుర్గంలో 2023 మార్చి 2న టీ-వర్క్స్ తెరిచారు. 78 వేల చదరపు అడుగుల్లో నమూనాలు తయారు చేసుకునే యంత్రాలున్నాయి. సంగారెడ్డి జిల్లా కందిలో డిజైన్ విభాగం ఉన్న ఐఐటీ హైదరాబాద్ ఉంది. విడి భాగాలు కావాలంటే కోఠి గుజరాతీ గల్లీలో అన్నీ దొరుకుతాయి. ఆర్డుయినో నకలు బోర్డు కొన్ని వందల రూపాయలే.

కొరత మరోచోట ఉంది. బడి ప్రదర్శనల్లో ప్రతి ప్రాజెక్టునూ అడిగే మొదటి ప్రశ్న, దీనివల్ల ఉపయోగమేమిటని. దాంతో ఏటా అవే వస్తాయి: చెయ్యి చాపితే తెరుచుకునే చెత్తబుట్ట, చూపులేనివారి చేతికర్ర, ట్యాంకు నిండితే మోగే అలారం. ఈ మూడింటికీ దూరం కొలిచే ఒకే అల్ట్రాసోనిక్ సెన్సర్ సరిపోతుంది. అదే సెన్సర్‌తో మనిషి దగ్గరికొచ్చేకొద్దీ గొంతు తగ్గించుకునే కథను కూడా చేయవచ్చు. ఆ ఆలోచన పిల్లలకు రాక కాదు, దానికి మార్కులు వేసే గడి లేక అలాంటి ప్రాజెక్టులు రావడం లేదు.

కథలకు నారాయణఖేడ్ లాంటి చోటు దొరకడం కష్టం. సంగారెడ్డి జిల్లా అంచున, కర్ణాటకకు ఆనుకొని, మహారాష్ట్రకు దగ్గరగా ఉన్న ఈ ప్రాంతంలో తెలుగుతో పాటు కన్నడం, మరాఠీ, ఉర్దూ, తండాల్లో లంబాడీ వినబడతాయి. గొంతులు వినిపించడంలో ఈ జిల్లాకు అనుభవమూ ఉంది. జహీరాబాద్ దగ్గరి మాచ్‌నూర్‌లో 2008 అక్టోబరు 15న డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు సంఘం రేడియో మొదలుపెట్టారు. జొన్న గురించీ విత్తనాల గురించీ ఊరి ఆడవాళ్లే మైకు ముందు మాట్లాడారు.

అలాంటి గొంతులతో ఒక ప్రాజెక్టు ఇలా చేయవచ్చు. సీసాల్లో జొన్నలు, కందులు, పెసలు పోసి, ప్రతి సీసా అడుగున ఆర్ఎఫ్ఐడీ స్టిక్కర్ అంటించాలి. చెక్కపెట్టె లోపల 13.56 మెగాహెర్ట్జ్ రీడర్‌ను పైపలకకు ఆనించి పెట్టాలి. స్టిక్కర్ రెండు మూడు సెంటీమీటర్ల లోపుకొస్తేనే అది చదవగలదు, కాబట్టి పలక మందంగా ఉండకూడదు. సీసా పెట్టగానే మెమరీ కార్డున్న చిన్న ఎంపీ3 మాడ్యూల్ ఆ గింజ గురించి ఒక ముసలమ్మ చెప్పిన మాట వినిపిస్తుంది. మళ్లీ పెడితే అదే మాట మరో భాషలో. తెర లేదు, బటన్ లేదు, చదువు రాకపోయినా ఇబ్బంది లేదు. గొంతు ఇచ్చినవాళ్లను ముందే అడిగి, రికార్డు చేసింది వాళ్లకే మొదట వినిపించడం ఈ పనిలో భాగం.

ల్యాబులో చక్కగా పనిచేసినది ప్రదర్శన రోజు మొరాయించడం మామూలే. కారణం చాలాసార్లు సర్క్యూట్ కాదు. రాత్రి ట్యూబులైటు కింద వెలుతురు సెన్సర్ 400 చూపిందని ఆ అంకెనే హద్దుగా రాస్తారు. పగలు హాల్లో అది 800 చూపుతుంది, ఇక చెయ్యి అడ్డుపెట్టినా దానికి తెలియదు. బోర్డు ఆన్ అయిన మొదటి కొద్ది సెకన్లు చుట్టూ ఉన్న వెలుతురును కొలుచుకుని, హద్దును అదే నిర్ణయించుకునేలా రాయాలి.

అల్ట్రాసోనిక్ సెన్సర్ బాధ ఇంకోటి. అది 40 కిలోహెర్ట్జ్ శబ్దం వదిలి, తిరిగొచ్చిన సమయాన్ని బట్టి దూరం చెబుతుంది. సెంటీమీటరుకు సుమారు 58 మైక్రోసెకన్లు. గట్టి అట్ట మీద పరీక్షిస్తే భేషుగ్గా పనిచేస్తుంది. శాలువా కప్పుకున్న పెద్దాయన వస్తే మెత్తటి బట్ట శబ్దాన్ని పీల్చేసుకుంటుంది, ఆయన అక్కడ లేనట్టే. ఎవరైనా సరిగ్గా 60 సెంటీమీటర్ల హద్దు మీద నిలబడితే దీపం టపటపా వెలిగి ఆరుతుంది. 60కి లోపలైతే వెలగాలి, 80 దాటితేనే ఆరాలి అని రెండు హద్దులు పెడితే ఈ తడబాటు పోతుంది.

కొత్తవాళ్లందరూ చేసే తప్పు డిలే. అయిదు సెకన్లు ఆగు అని రాస్తే ఆ అయిదు సెకన్లూ బోర్డు దేన్నీ చదవదు. ఆ సమయంలో చెయ్యి ఊపిన పిల్లవాడు ఏమీ జరగలేదని వెళ్లిపోతాడు. గడిచిన మిల్లీసెకన్లను లెక్కపెట్టుకుంటూ మధ్యలో సెన్సర్‌ను చూస్తూ ఉండేలా రాయడం నేర్చుకున్న రోజు నుంచి ప్రాజెక్టులు నిజంగా జవాబివ్వడం మొదలుపెడతాయి.

కరెంటు లెక్క కూడా తప్పదు. రంగులు మారే ఎల్ఈడీ ఒక్కటి పూర్తి తెల్లగా వెలిగితే 60 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది; 60 దీపాల పట్టీకి 3.6 ఆంపియర్లు. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ ఇచ్చేది సాధారణంగా అర ఆంపియరే. వేరే సప్లై పెట్టి, రెండింటి గ్రౌండు వైర్లూ కలపాలి. కరెంటు పోయి వస్తే ఆర్డుయినో తనంతట తాను మళ్లీ మొదలవుతుంది. ప్రొజెక్టర్ చాలావరకు అలా మొదలవదు. ఎవరో ఒకరు పక్కన కాపలా ఉండాలి, లేదా తెర లేని ప్రాజెక్టే ఎంచుకోవాలి.

ఇలాంటి ప్రాజెక్టుకు మార్కులు వేయడానికి మంచి పద్ధతి, విద్యార్థిని నోరు మెదపనివ్వకుండా పక్కన నిలబెట్టడం. కొత్తగా వచ్చినవాళ్లు ఎవరూ చెప్పకుండా ఏం చేశారు, ఎంతసేపు ఉన్నారు, ఇంకొకరిని పిలుచుకొచ్చారా అని చూడాలి. ప్రదర్శన అయ్యాక విడి భాగాలు తర్వాతి బ్యాచ్ పెట్టెలోకి పోతాయి కాబట్టి, జనం వాడుతుండగా తీసిన నిమిషం వీడియో, వైరింగ్ పటం, వ్యాఖ్యలతో కూడిన కోడ్, రికార్డింగుల అసలు ఫైళ్లు దాచిపెట్టాలి.