మంజీర ఎడమ గట్టున బిచ్కుంద

కామారెడ్డి జిల్లాకు పడమటి కొసన ఉంది కాబట్టి బిచ్కుందను మారుమూల అనడం అలవాటైపోయింది. కానీ 1956 దాకా ఈ ఊరు దెగ్లూర్ తాలూకాలో ఒక సర్కిల్. జిల్లా నాందేడ్, రాష్ట్రం హైదరాబాద్. ఆ ఏడాది నవంబర్ 1న నాందేడ్ బొంబాయి రాష్ట్రంలో కలిసింది. బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లను మాత్రం విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. కచేరీ నిజామాబాద్‌కు మారింది గానీ అంగడి, వియ్యపు సంబంధాలు సరిహద్దు అవతల మిగిలిన దెగ్లూర్‌ను వదల్లేదు. ఇప్పటికీ ఇక్కడ తెలుగుతో పాటు మరాఠీ, కన్నడ వినిపిస్తాయి.

ఈ ప్రాంతం వెనకబాటుకు అసలు కారణం సరిహద్దులో కాదు, నీళ్లలో ఉంది. మంజీర పక్కనుంచే పారుతుంది. కానీ 1931లో దానిపై పూర్తయిన నిజాంసాగర్ జలాశయపు ప్రధాన కాలువ కుడి గట్టున బాన్సువాడ, బోధన్ వైపు సాగింది. అక్కడ వరి, చెరకు పండాయి, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. ఎడమ గట్టు నల్లరేగళ్లు మాత్రం చాలావరకు వానను నమ్ముకునే సోయా, కంది, పెసర, మినుము, పత్తి, శనగ పండిస్తున్నాయి. మంజీర నీటిని ఇటు ఎత్తిపోసే నాగమడుగు పథకం అందుకే ముఖ్యం.

లెండి ప్రాజెక్టు కథ ఇంకా చిక్కైనది. మంజీరకు ఉపనది అయిన లెండిపై, మహారాష్ట్రలోని ముఖేడ్ తాలూకాలో 1980లలో మొదలైన ఉమ్మడి ప్రాజెక్టు ఇది. తెలంగాణ వాటాగా మద్నూర్, జుక్కల్ వైపు దాదాపు 22 వేల ఎకరాలు తడవాలి. మునిగేది మహారాష్ట్ర ఊళ్లు, ఆ ఊళ్లవాళ్ల పునరావాసం ఏళ్ల తరబడి తేలలేదు. కట్ట ఒక రాష్ట్రంలో, ఆయకట్టులో కొంత భాగం మరో రాష్ట్రంలో ఉన్నప్పుడు జాప్యానికి ఎవరూ పూర్తిగా బాధ్యులు కారు. ముంపు ఊళ్లకు న్యాయం జరగాలని ఇటువైపు నాయకులూ గట్టిగా అడగాలి. అక్కడ ఇళ్లు లేస్తేనే ఇక్కడ కాలువ పారుతుంది.

దారి విషయంలో దిగులు తగ్గింది. సంగారెడ్డి నుంచి నాందేడ్ వెళ్లే 161వ జాతీయ రహదారి పిట్లం, మద్నూర్‌ల మీదుగా పోతుంది. బోధన్–బీదర్ రైలు మార్గం మాత్రం ఎన్నేళ్లుగానో కోరికగానే ఉంది.

రైలు కోసం ఆగకుండా చేయదగిన పని ఒకటుంది. పప్పు మిల్లులకు, సోయా నూనె మిల్లులకు పేరుబడ్డ మహారాష్ట్రలోని లాతూర్ పండించేదీ ఇలాంటి మెట్ట పంటలే. 161వ రహదారి పక్కన గిడ్డంగులు, శుభ్రపరిచే యంత్రాలు, ఒక పప్పు మిల్లు నిలబడితే, రైతు కోసిన వారంలోనే తెగనమ్ముకోనక్కర్లేదు. రైతు సంఘాలు దెగ్లూర్ ధర, మద్నూర్ ధర పోల్చుకుని అమ్మగలవు. రెండు అంగళ్లు చేరువలో ఉండటం సరిహద్దు ఊరికే దక్కే వెసులుబాటు.