మారిషసు ద్వీపమున రెండు స్మారకములు



నాలుగు త్రోవలు కలియు చోటును మన నిఘంటుకారులు చతుష్పథమనిరి, శృంగాటకమనిరి. జనులు గుమిగూడుటకు వీలగు విశాలమైన బయలునకు చత్వరమను మాట కలదు. పాశ్చాత్యులు కట్టిన నగరములలో ఇట్టి చత్వరము ఊరికంతటికిని ముంగిలి వంటిది. ఆ ముంగిట ఎవరి విగ్రహమును నిలిపిరో చూచినచో ఆ నగరము ఎవరిని స్మరింపగోరినదో తెలియును. ఎవరిని చిరకాలము విస్మరించినదో తెలియవలెనన్న మఱికొంత దూరము నడువవలయును.

నాతో పాటు హిందూపురమున ఉపాధ్యాయవృత్తి నెఱపి విశ్రాంతి నొందిన మిత్రులిరువురితో కలిసి నేను మారిషసు ద్వీపమునకు పోయితిని. ముఖ్యపట్టణమగు పోర్టులూయీలో ఓడరేవు నెదుట 'ప్లాస్ దార్మ్' అను చత్వరము కలదు. సైనికులు ఆయుధపాణులై బారులు తీరు బయలని ఆ ఫ్రెంచి మాటకు భావము. దాని కిరుప్రక్కల తాళజాతి వృక్షములు వరుసలుగా నిలిచియున్నవి. ఒక కొనను పాత ప్రభుత్వ భవనము, దాని ముంగిట విక్టోరియా రాణి విగ్రహము. రేవు వైపున లాబూర్డొనే విగ్రహము.

ఈ లాబూర్డొనే 1735లో ఫ్రెంచివారి గవర్నరుగా వచ్చి ఆ రేవును పట్టణముగా తీర్చినవాడు. 1746లో ఆంగ్లేయులనుండి చెన్నపట్టణమును పట్టుకొన్నవాడును ఇతడే. సమర్థుడనుటకు సందేహము లేదు. కాని ఆ రేవున ఱాళ్లు మోసినవారు ఆఫ్రికా, మడగాస్కరు మున్నగు దేశములనుండి తేబడిన బానిసలు. దక్షిణదేశమునుండి పోయిన పనివారును అందు కొందఱు కలరు. వారి విగ్రహమొక్కటియు ఆ చత్వరమున మాకు కానరాలేదు.

మా మిత్రులలో ఒకరిది ధర్మవరము. ఆయన మందహాసము చేసి, "పంతులుగారూ, మా పట్టుచీరకు ఊరిపేరు వచ్చినది గాని నేసినవాని పేరు వచ్చినదా?" యనిరి. ఆ మాటతో మేము రేవు వెంబడి ఉత్తరముగా నడచితిమి. కొలది దూరముననే 'ఆప్రవాసీ ఘాట్' ఉన్నది.

దీని చరిత్రము సంగ్రహముగా మనవి చేసెదను. 1810లో ఆ ద్వీపము ఆంగ్లేయుల వశమయ్యెను. 1835లో అచ్చట బానిసత్వము రద్దుపడెను. చెఱకుతోటల యజమానులకు పనివారు కావలసివచ్చిరి. అందుచే ఇన్ని సంవత్సరములు పనిచేసెదమని ఒడంబడిక వ్రాయించుకొని హిందూదేశమునుండి కూలీలను తెప్పించు పద్ధతి ఏర్పడెను. 1834 నవంబరు 2వ తేదీన 'అట్లాసు' అను ఓడలో ముప్పదియార్గురు దిగిరి. నాటినుండి 1920 వఱకు వచ్చినవారు ఇంచుమించు నాలుగున్నర లక్షలు. వారిని దింపి, లెక్కవ్రాసి, తోటలకు పంపుటకై 1849లో ఈ స్థానమును నిర్మించిరి.

ఇందు గోపురములు లేవు, విగ్రహవైభవము లేదు. నల్లఱాతి గోడలు, చిన్న గదులు, నీటియొడ్డునుండి పైకెక్కు కొన్ని మెట్లు, అంతియే. పూర్వపు కట్టడములలో బహుభాగము నశించినది. రహదారి నిర్మాణమునకు కొంత ఆహుతియైనది. ఐనను 2006లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చినది. ఓడ దిగినవారు మొదట అడుగిడినవి ఈ మెట్లే.

దిగిన ప్రతివానికిని ఒక సంఖ్య నిచ్చి, పేరు, తండ్రిపేరు, గ్రామము, వయస్సు, దేహమునందలి గుర్తులు వ్రాసికొనిరి. కొంతకాలమునకు ఛాయాపటములును తీసిరి. ఈ లెక్కలు నేడు మోకా గ్రామమున మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. కూలీలను అదుపులో నుంచుటకు వ్రాసిన పుస్తకములే, నేడు వారి మునిమనుమలు తమ పూర్వుల యూరు తెలిసికొనుటకు ఆధారములైనవి. వ్రాసినవారి ఉద్దేశము వేఱు, అక్షరము చేసిన మేలు వేఱు.

వారిలో తెలుగువారు పెక్కండ్రు మన సీమవారు కారు. ఉత్తర కోస్తా జిల్లాలవారు. గోదావరీ ముఖమునందలి కోరంగి రేవు పేరున వారిని 'కోరంగీలు' అని పిలిచిరి. 1839 తుపానులో ఆ రేవు పాడయ్యెను. పేరు మాత్రము సముద్రము దాటి నిలిచెను. సింహాద్రి అప్పన్నను వారు నేటికిని కొలుచుచున్నారు. అప్పన్న, అప్పడు అనునవి అచ్చట వంశనామములైనవి. ఉగాది ఆ దేశమున ప్రభుత్వపు సెలవుదినము. 1946లో వారు ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ ద్వీపముననే జరిగినవి.

ఇక మన యూళ్ల మాట. పెనుకొండ గగనమహలును చూచినప్పుడు రాయలను తలతుము. లేపాక్షిలో విరూపన్న, వీరన్న సోదరుల చిత్రమును పైకప్పునందు చూచి చేతులు జోడింతుము. అది తగినదే. కాని ఏకశిలయగు ఆ నందిని మలచిన శిల్పులలో మనమెందఱిని పేరుపెట్టి పిలువగలము? ఉపాధ్యాయులు పిల్లలను అచ్చటికి గొనిపోయినప్పుడు కట్టించినవాని కథతో ఆపక, కట్టినవారినిగూర్చియు ఒక ప్రశ్న వేయవలెనని నా ప్రార్థన. ప్రతి గృహమునందును తాత, ముత్తాతల పేర్లు, వారి యూరు, వారి వృత్తి ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. దానికి ఱాయి అక్కఱలేదు, ధనమక్కఱలేదు, చేతివ్రాత చాలును.