భుజం మీద కొబ్బరికాయ!

కొబ్బరి దింపు జరుగుతుంటే చెట్టు కింద ఎవరూ నిలబడరు. అమలాపురం, రాజోలు, కొత్తపేట... కోనసీమలో ఎక్కడైనా పిల్లలకు సైతం తెలిసిన జాగ్రత్త ఇది. అయినా ఒక్కసారి ఊహించుకోండి. కిలోన్నర బరువున్న ఒలవని కాయ ఒకటి, భుజానికి పన్నెండు అడుగుల ఎత్తు నుంచి జారి సరిగ్గా ఆ భుజం మీదే పడింది. ఎలా ఉంటుంది?

.375 మాగ్నం రైఫిల్‌ను ఒక్కసారి పేలిస్తే, అది పేల్చినవాడి భుజాన్ని వెనక్కి తన్నే శక్తి దాదాపు అంతే. కాకపోతే కాయ ఒక్కచోట పడుతుంది. తుపాకీ మడమ అరచేయంత మేర ఆనుకుని తోస్తుంది కాబట్టి ఎముక విరగదు. నొప్పి మాత్రం గుర్తుంటుంది. అసలు చిక్కంతా ఆ గుర్తుండటంలోనే ఉంది.

సీసా పేరు... తూటాకి

మాగ్నం అంటే లాటిన్‌లో పెద్దది అని. షాంపేన్ సీసాల్లో మామూలు దానికి రెట్టింపు పట్టే సీసాను మాగ్నం అంటారు. అదే మాట, ఎక్కువ మందు పట్టే తూటాలకూ అంటుకుంది. లండన్‌కు చెందిన హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ 1912లో .375 మాగ్నంను తెచ్చింది. అమెరికాలో వించెస్టర్ కంపెనీ 1956లో .458 మాగ్నంను, 1963లో .300 మాగ్నంను తయారుచేసింది. మొదటిది పెద్ద జంతువులన్నిటికీ, రెండోది ప్రత్యేకంగా ఏనుగులాంటి వాటికి, మూడోది దూరపు గురికి.

లెక్క పెద్ద కష్టమేం కాదు. .375 గుండు తులమున్నర పైచిలుకు బరువుంటుంది. అది సెకనుకు సుమారు 770 మీటర్ల వేగంతో ముందుకు దూకుతుంది. దాని వెనకే మండిన మందు వాయువై ఇంకా వేగంగా బయటికి చిమ్ముతుంది. ఆ రెండూ ముందుకు వెళ్లిన ఊపుకు సరిసమానమైన ఊపుతో నాలుగు కిలోల తుపాకీ వెనక్కి రావాలి. న్యూటన్ చెప్పింది అదే. తన్నులో దాదాపు మూడోవంతు ఆ వాయువు పుణ్యమే. అందుకే గొట్టం చివర పక్కలకు రంధ్రాలున్న మజిల్ బ్రేక్ బిగిస్తే తన్ను బాగా తగ్గుతుంది. దానికి బదులు చప్పుడు పెరుగుతుంది. చెవులకు మఫ్‌లు లేకుండా ఒక్క గుండు పేల్చినా వినికిడికి ముప్పే.

మన కొబ్బరికాయ కొలతనే మిగతా తుపాకులకూ వాడి చూద్దాం. పిల్లలు గురి నేర్చుకునే .22 రైఫిల్‌ది అర అంగుళం ఎత్తు నుంచి పడ్డ కాయ. అసలు తెలియనే తెలియదు. మన దేశంలో లైసెన్సుదారుల దగ్గర ఎక్కువగా కనిపించే, ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో తయారైన .315 స్పోర్టింగ్ రైఫిల్‌ది ఇంచుమించు ఆరడుగులు. .458 మాగ్నంది పంతొమ్మిది అడుగులు! తుపాకీ బరువు తగ్గితే ఈ ఎత్తులు ఇంకా పెరుగుతాయి. అడవిలో మోసే మనిషి తేలిక తుపాకీ కావాలంటాడు, అతని భుజమేమో బరువైనదే కావాలంటుంది.

తప్పు తుపాకీది కాదు

మాగ్నంకు గురి ఉండదని, తన్ను వల్లే గుండు పక్కకు పోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. .300 మాగ్నంను అమెరికా సైన్యం దూరం నుంచి కాల్చే స్నైపర్ల చేతికిచ్చింది. మంచి తుపాకీ, మంచి తూటా కుదిరితే వంద మీటర్ల దూరంలో మూడు గుళ్లూ పాత రూపాయి బిళ్లంత చోటులో దిగుతాయి.

మరి తన్ను ఎప్పుడు మొదలవుతుంది? మందు అంటుకున్నాక గుండు గొట్టం దాటడానికి పట్టే సమయం సెకనులో వెయ్యోవంతు కంటే కాస్త ఎక్కువ. ఆలోపు తుపాకీ వెనక్కి జరిగేది మూడు మిల్లీమీటర్లు. మనిషి దేనికైనా స్పందించడానికి సెకనులో ఆరోవంతో, అయిదోవంతో కావాలి. అంటే తన్ను భుజానికి తెలిసేసరికి గుండు వెళ్లిపోయి చాలాసేపైనట్టే. తెలిశాక ఎంత ఉలిక్కిపడినా గురికి నష్టం లేదు.

నష్టమంతా తెలియక ముందు జరుగుతుంది. మొదటి గుండుకు భుజం అదిరింది. రెండోదానికి శరీరం ముందే సిద్ధపడిపోతుంది. కళ్లు మూసుకుంటాయి, భుజం ముందుకు తోస్తుంది, వేలు ట్రిగ్గర్‌ను నొక్కాల్సింది పోయి లాగేస్తుంది. ఇదంతా గుండు పేలడానికి రెప్పపాటు ముందు. షూటింగ్ తెలిసినవాళ్లు దీన్ని ఫ్లించ్ అంటారు. మనం ఉలికిపాటు అనుకుందాం. తనకు అది ఉందని పేల్చేవాడికి అస్సలు తెలియదు. ఎందుకంటే ఆ కదలికను తుపాకీ తన్ను కప్పేస్తుంది.

దీన్ని బయటపెట్టడానికి రేంజ్‌లలో ఒక పాత చిట్కా ఉంది. పక్కనున్న మనిషి తుపాకీలో తూటా పెట్టి ఇస్తాడు. అసలుదో, మందులేని ఉత్తుత్తిదో చెప్పడు. పేల్చేవాడు గురిచూసి ట్రిగ్గర్ నొక్కుతాడు. ఉత్తుత్తిదైతే ‘టిక్’ మని చిన్న చప్పుడు. అప్పుడు చూడాలి! పేలని తుపాకీ గొట్టం గుటుక్కున కిందకి వాలుతుంది. ఒక్కోసారి జానెడు. పెద్ద వేటగాడినని చెప్పుకున్నవాడి మొహం ఎర్రబడేది అక్కడే. మందు కూడా ఈ ఆటలోనే ఉంది. అసలువీ ఉత్తుత్తివీ కలిపి పదేపదే పేల్చగా పేల్చగా, ఎప్పుడు తంతుందో తెలియని శరీరం ముందే సిద్ధపడటం మానుకుంటుంది. మధ్యమధ్య .22 తో సాధన చేస్తే ఇంకా మంచిది.

రేంజ్‌లో బల్ల దగ్గర కూర్చుని పేలిస్తే నొప్పి ఎక్కువ. నిలబడ్డ మనిషి నడుము దగ్గర్నుంచి వెనక్కి ఊగి తన్నును మింగేస్తాడు. బల్లకు ఆనుకుని కూర్చున్నవాడికి ఆ వీలుండదు. అందుకే తెలివైనవాళ్లు భుజానికీ మడమకూ మధ్య చిన్న ఇసుక సంచి పెట్టుకుంటారు. టెలిస్కోపుకు కన్ను మరీ దగ్గరగా పెడితే ఇంకో బహుమతి ఉంది... కనుబొమ మీద అర్ధచంద్రాకారపు గాటు! వేట రైఫిళ్ల గొట్టాలు సన్నగా ఉంటాయి కాబట్టి మూడు గుళ్లకే వేడెక్కి గురి జరుగుతుంది. చల్లారేదాకా ఆగాలి. ఓ పది, పదిహేను గుళ్లయ్యాక ఆ రోజుకు తుపాకీ కట్టేయడమే మేలు.

దీనికి పూర్తిగా ఎదురు కొసన ఎయిర్ రైఫిల్ ఉంది. తన్ను దాదాపు లేనేలేదు. పది మీటర్ల దూరంలో అర మిల్లీమీటరు చుక్కను కొట్టాలి. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఆ విభాగంలోనే.

గురి తప్పిన గుండు ఎటు పోయింది?

కాగితం మీద గురి తప్పితే నవ్వుకుంటాం. అడవిలో అలా కాదు. చంపావత్ ఆడపులి నేపాల్‌లోనూ, కుమావూన్‌లోనూ కలిపి 436 మందిని పొట్టనబెట్టుకుందని లెక్క. 1907లో జిమ్ కార్బెట్ దాన్ని చంపి చూస్తే కుడివైపు కోరపళ్లు విరిగిపోయి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో పేల్చిన గుండు దెబ్బ. మామూలు వేట సాధ్యంకాక అది మనుషుల మీద పడిందని కార్బెట్ తేల్చాడు.

తెలుగునేలకు తెలిసిన వేటగాడు కెన్నెత్ ఆండర్సన్. 1910లో హైదరాబాద్ సంస్థానంలోని బొల్లారంలో పుట్టాడు. అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయలోని నరమాంసభక్షక పులి కథ 1954లో వచ్చిన అతని మొదటి పుస్తకంలో ఉంది. అతని చేతిలో ఉండేది .405 వించెస్టర్, 1895 మోడల్. పేరుకు మాగ్నం కాదు గానీ .375 గుండుకు సమానమైన బరువున్న గుండును విసురుతుంది. పైగా మడమకు రబ్బరు మెత్త లేదు, వంపు తిరిగిన ఇనుప రేకు! ఆ తన్ను ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అడవిలో రోజుల తరబడి కాపు కాసి, చీకట్లో ఒకే ఒక్క గుండుకు అవకాశం వచ్చినప్పుడు ఉలిక్కిపడకపోవడమే అతని గొప్ప.

విజయనగరం విజ్జీ గారి సంగతి వేరు. 1936లో భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్ అయిన ఆయన మూడొందలకు పైగా పులులను కొట్టానని చెప్పుకునేవారు. ఆ కథ విన్న వెస్టిండీస్ ఆటగాడు రోహన్ కన్హాయ్, రేడియోలో మీ వ్యాఖ్యానం వినిపించి విసుగుతోనే చంపారనుకున్నా అన్నాడని క్రికెట్ లోకంలో ఇప్పటికీ నవ్వుకుంటారు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ ముచ్చట ముగిసింది. మనుషులకు ప్రమాదంగా మారిన జంతువును చంపాలన్నా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి రాతపూర్వకంగా అనుమతించాలి. అలా అనుమతించినా వివాదం తప్పదు. మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో ‘అవని’ అనే ఆడపులి విషయంలో అదే జరిగింది. హైదరాబాద్ వేటగాడు నవాబ్ షఫత్ అలీ ఖాన్‌ను అటవీశాఖ పిలిపించింది. 2018 నవంబరు 2 రాత్రి ఆయన కుమారుడు అస్గర్ అలీ పేల్చిన గుండుకు పులి చనిపోయింది. పేల్చిన తీరు మీద దేశమంతా వాదోపవాదాలు నడిచాయి, కోర్టుల దాకా వెళ్లాయి.

ఇక మిగిలింది పాత ఇళ్ల బీరువాల్లో వారసత్వంగా ఉండిపోయిన తుపాకులు. 2019 సవరణతో మామూలు లైసెన్సుదారుకు రెండుకు మించి ఉండకూడదు. విదేశీ మాగ్నం తూటాలు దొరకడమే కష్టం, దొరికినా ఒక్కోదాని ధర చూస్తే సాధన చేయబుద్ధి కాదు. నిజానికి అన్నిటికంటే ఎక్కువ సాధన కావాల్సిన తుపాకీ అదే. ఏళ్ల తరబడి పేల్చని మనిషి, ఏళ్ల నాటి తూటా... ఆ జంటకు ఏ పేరుగొప్ప కంపెనీ అయినా గురి ఇవ్వలేదు.

గట్టు కావాలి

గౌతమికీ వశిష్ఠకూ మధ్య ఒక్క కొండ లేదు, అడవి లేదు. మాగ్నం గుండు తగలాల్సింది తగలకపోతే మూడు కిలోమీటర్లకు పైగా పోగలదు. అమలాపురం గడియారస్తంభం దగ్గర్నుంచి అంత దూరం ఏ దిక్కుకు లెక్కేసినా ఏదో ఒక ఊరి ఇళ్లూ, కొబ్బరితోటలూ, మనుషులూ ఉంటారు. అందుకే రేంజ్ అంటే బల్ల, కాగితం, తుపాకీ మాత్రమే కాదు, గుళ్లన్నీ దిగబడే ఎత్తయిన మట్టికట్ట ముందు ఉండాలి. కోనసీమలో ఎత్తయిన మట్టికట్ట అంటే గోదావరి ఏటిగట్టే. దాని మీద పొద్దస్తమానం సైకిళ్లూ, ఆటోలూ, బడికెళ్లే పిల్లలూ తిరుగుతూనే ఉంటారు.