పెరుగుతాడుగా... అని కొన్నాను!

'ఇంజినీరింగ్ చదివావుగా, కాస్త చూడు' అనే మాట ఇంట్లో ఒక్కసారైనా వినని బీటెక్ వాళ్లుంటే చెయ్యెత్తండి. ఎవరూ ఎత్తరు, నాకు తెలుసు. మిక్సీ ఆగినా, వైఫై రాకపోయినా మనమే. ఉద్యోగం లేని రోజుల్లో అయితే ఈ డ్యూటీకి వేళాపాళా ఉండదు. 2023 చివర్లో నాది అదే పరిస్థితి. నాలుగేళ్లు పనిచేసిన చోట లేఆఫ్. హాస్టల్ ఖాళీ చేసి మణికొండలో అక్కావాళ్లింటికి చేరాను. ఉదయం అప్లికేషన్లు, మధ్యాహ్నం రిజెక్షన్ మెయిళ్లు, సాయంత్రం మేనల్లుడితో ఆట.

వాడికి అప్పుడు తొమ్మిదేళ్లు. ఆ అక్టోబరులోనే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిల్ ట్రాక్ మొదలైంది. 23 కిలోమీటర్లు, పైన సోలార్ ప్యానెళ్ల కప్పు. ఓ ఆదివారం బావ తీసుకెళ్తే, హెల్మెట్లు పెట్టుకుని ముందుకు వంగి దూసుకెళ్లేవాళ్లను అక్కడ చూశాడు. ఇంటికొచ్చాక ఒకటే పాట: 'వంకర హ్యాండిల్ సైకిల్ కావాలి!' అంటే రోడ్ బైక్. అక్క పది వేలు నా చేతిలో పెట్టింది. 'నువ్వే చూసి కొనరా, నీకు తెలుస్తుంది కదా' అంది.

నాకేమీ తెలియదని తెలుసుకోవడానికి వారం చాలింది.

బాల్కనీలో ఆరు వారాలు

షాపులో పిల్లల సైజులో వంకర హ్యాండిల్ సైకిలే లేదు. షాపతను 26 అంగుళాల గేర్ సైకిల్ చూపించాడు. 21 గేర్లు, లావు టైర్లు, ముందు సస్పెన్షన్. 'పిల్లలు ఊరికే పెరుగుతారు సార్, చిన్నది కొంటే రెండేళ్లకి మళ్లీ రావాలి' అన్నాడు. స్కూల్ యూనిఫాం రెండు సైజులు పెద్దది కొనే ఇళ్లలో పెరిగినవాళ్లం కదా, ఆ మాట భలే సబబుగా తోచింది. 9,500కి బేరం కుదిరింది. మిగిలిన ఐదొందలకు తోడు ఇంకొంచెం వేసి హెల్మెట్ తీసుకున్నాను. నేను చేసిన మంచి పని అదొక్కటే.

మొదటి ఆదివారమే ట్రాక్ దగ్గర వాలులో పడ్డాడు. సీటు మీద కూర్చుంటే కాలి వేళ్లు మాత్రమే నేలకు ఆనుతున్నాయి. బ్రేక్ పట్టుకోవాలంటే హ్యాండిల్ మీద పట్టు వదిలి వేళ్లు సాచాలి. భయపడినప్పుడు పిల్లలు పట్టు బిగిస్తారు గానీ వదలరు. మోచేతికి మూడు కుట్లు పడ్డాయి. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఆ తర్వాత వాడు సైకిల్ మాటే ఎత్తలేదు. అడిగితే 'నాకు రాదులే మామయ్యా' అన్నాడు. అంతకుముందు చిన్న సైకిల్ మీద అపార్ట్‌మెంట్ చుట్టూ చేతులొదిలి తిరిగినవాడు! కొత్త సైకిల్ మీద అక్క తడి తువ్వాళ్లు ఆరేయడం మొదలుపెట్టింది.

గేట్ పుస్తకం ఇలా పనికొచ్చింది

ఓ రాత్రి నిద్ర పట్టక సైకిల్‌ను తూచాను. బాత్రూం స్కేల్ మీద ముందు నేను ఒక్కణ్నే, తర్వాత సైకిల్ ఎత్తుకుని. తేడా 15.6 కిలోలు. మావాడి బరువు 26. అంటే వాడి బరువులో 60 శాతం. నేను 70 కిలోలు ఉంటాను. నా చేతికి 42 కిలోల సైకిలిచ్చి 'తొక్కరా నాన్నా, గేర్లున్నాయిగా' అంటే ఎలా ఉంటుంది? పిల్లల సైకిల్‌కు బరువే అసలు సంగతి. ముందు సస్పెన్షన్ బరువును పెంచుతుంది. తారు రోడ్డు మీద దాంతో ఒరిగేదేమీ లేదు. పైగా చౌక సస్పెన్షన్లలోని గట్టి స్ప్రింగు అంత తేలికైన పిల్లాడికి సరిగ్గా కదలదు కూడా.

రెండో కొలత కాలు పొడవు. వయసును బట్టి వేసే స్టిక్కర్లను నమ్మకండి. పిల్లాణ్ని చెప్పుల్లేకుండా గోడకు ఆనించి నిలబెట్టి, కాళ్ల మధ్య గట్టి అట్ట పుస్తకం పెట్టి, సీటు మీద కూర్చున్నట్టుగా పైకి నొక్కి, పుస్తకం పై అంచు నుంచి నేల దాకా కొలవాలి. నా గేట్ పుస్తకం జీవితంలో మొదటిసారి నాకు సరైన సమాధానం ఇచ్చింది: 61 సెంటీమీటర్లు. ఆ కాలికి సరిపోయేది 24 అంగుళాల చక్రం. సైకిల్‌కు రెండు వైపులా కాళ్లు పెట్టి నిలబడితే పాదాలు పూర్తిగా నేలకు ఆని, పై రాడ్డుకూ ఒంటికీ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల సందు ఉండాలి. బ్రిటన్ కంపెనీ ఫ్రాగ్ అయితే తన మోడళ్ల పేర్లలోనే కాలి పొడవును సెంటీమీటర్లలో పెడుతుంది. తెలివైన పని.

మరి అలాంటివే కొనొచ్చుగా అంటారా? చూశాను. తేలికైన ఫ్రేము, చిన్న చేతులకు అందే బ్రేకులు, సన్నటి టైర్లు... ధర చూసి ట్యాబ్ మూసేశాను. పిల్లల సైకిల్ చిన్నదైనంత మాత్రాన చౌకేం కాదు. అందులోనూ అన్నే భాగాలు, అంతే పని. కొనేవాళ్లు మాత్రం తక్కువ. రవాణా, సుంకం కలిపితే నా ల్యాప్‌టాప్ ధర దాటుతుంది. దాన్ని మహా అయితే రెండేళ్లు తొక్కుతాడు.

అప్పుడు ఎక్సెల్ షీట్ తెరిచాను. 'రోడ్ బైక్' అన్న మాటను ముక్కలు చేశాను. మావాడికి నిజంగా కావాల్సిందేమిటి? తేలిగ్గా ఉండాలి, టైర్లు సన్నగా జారిపోవాలి, బ్రేకు చేతికందాలి, కాళ్లు నేలకానాలి. వంకర హ్యాండిల్ ఐదో వరసలోకి వెళ్లింది. దాన్ని విడిగా కొని బిగిద్దామనుకున్నా గానీ అక్కడ తిరకాసు ఉంది. మామూలు హ్యాండిల్ మీద బ్రేకులు బిగించే చోట మందం 22.2 మిల్లీమీటర్లు, వంకర హ్యాండిల్‌కు 23.8. పాత లివర్లు ఎక్కవు. రోడ్ బైక్ లివర్లు బిగిస్తే అవి కేబుల్‌ను తక్కువ లాగుతాయి. ఈ సైజు సైకిళ్లలో ఎక్కువగా కనిపించే వీ-బ్రేకులకు ఎక్కువ లాగాలి. ఎలాగో బిగించినా బ్రేక్ సరిగ్గా పడదు. కుట్లు పడిన మోచేతిని చూశాక ఆ ప్రయోగం చేసే ధైర్యం నాకు లేదు.

సెకండ్‌హ్యాండ్ వేట

పిల్లల సైకిళ్లు అరగకముందే పొట్టివైపోతాయి. అందుకే సెకండ్‌హ్యాండ్‌లో మంచివి దొరుకుతాయి. ఓఎల్ఎక్స్ కంటే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులు మేలని నా అనుభవం. అక్కడ అమ్మేవాళ్లకు సైకిల్ కన్నా బాల్కనీలో చోటు ముఖ్యం! చూడ్డానికి వెళ్లేటప్పుడు ఫ్రిజ్ మీది అయస్కాంతం జేబులో వేసుకోండి. ఫ్రేముకు అతుక్కుంటే ఇనుము, జారిపోతే అల్యూమినియం. హ్యాండిల్ కింద రెండు రాడ్లు కలిసే చోట పెయింట్ ముడతలు పడినా, పగులు గీత కనిపించినా బేరమాడకుండా వచ్చేయండి. చక్రం ఎత్తి తిప్పండి, పెడల్ చేతుల్ని పక్కలకు కదిపి చూడండి, సీటు రాడ్డు పైకీ కిందికీ కదులుతోందో లేదో చూడండి. పెడల్ చేయి వెనక దాని పొడవు అచ్చువేసి ఉంటుంది. పిల్లాడి ఎత్తులో పదో వంతుకు దగ్గరగా ఉంటే మంచిది. మావాడి ఎత్తు 132 సెంటీమీటర్లు. బాల్కనీలో ఉన్నదానికి 170 మిల్లీమీటర్లు ఉంది, అంటే నా సైజు.

నాలుగో చోట దొరికింది. 24 అంగుళాలు, అల్యూమినియం ఫ్రేము, సస్పెన్షన్ లేని మామూలు ఫోర్కు, వెనక మాత్రమే గేర్లు. 4,200. స్టాండు, క్యారేజీ, చైన్ కవరు విప్పేస్తే 11.4 కిలోలకు దిగింది. ఇంకా ఎక్కువే, కానీ 15.6తో పోలిస్తే పండగే.

ఇక సన్నటి టైర్లు. ఇక్కడ మళ్లీ బోల్తా పడ్డాను. 24 అంగుళాలని చూసి ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పిస్తే చక్రానికి వదులుగా వేలాడింది. టైరు పక్కన చిన్న అక్షరాల్లో 40-507, 37-540 లాంటి జంట అంకెలుంటాయి చూడండి. మొదటిది టైరు వెడల్పు, రెండోది అది కూర్చునే రిమ్ వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. నేను తెప్పించింది 540, మా రిమ్ 507. రెండింటినీ 24 అంగుళాలనే పిలుస్తారు! అచ్చం 24 అంగుళాల రేసింగ్ టైరుదైతే 520. కొనేముందు ఆ రెండో అంకె చూసుకోండి. నాకు దాని ఖరీదు 600.

లంగర్‌హౌస్ దగ్గర ఓ చిన్న షాపులో పని చేయించాను. చక్రాల వంకర తీస్తూ మెకానిక్ అన్న కథంతా విన్నాడు. తర్వాత బ్రేక్ లివర్ పక్కనున్న బుల్లి స్క్రూను నాలుగు చుట్లు తిప్పాడు. లివర్ హ్యాండిల్‌కు దగ్గరగా జరిగింది. 'పిలగాని చేతికి ఇట్ల దగ్గరికి పెట్టాలె సార్, దీనికి పైసలేం లేవు' అన్నాడు.

ఇంటికెళ్లి బాల్కనీలో తువ్వాలు తీసి చూశాను. పెద్ద సైకిల్ లివర్లకూ ఆ స్క్రూ ఉంది. మొదటి రోజే తిప్పి ఉంటే ఆ కుట్లు పడేవి కావేమో. నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివి, నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, రెండు నిమిషాల పని చూడలేదు. నాకిప్పటికీ గుచ్చుకునేది అదే.

ఖర్చు దాచకుండా చెప్తాను. సైకిల్ 4,200. సరైన టైర్లు రెండు 1,300. బ్రేక్ రబ్బర్లు 200, కేబుళ్లు 150, మెకానిక్‌కు 400, తప్పు టైరు 600. హ్యాండిల్ చివర్లకు బిగించే కొమ్ములు 300, ఎందుకంటే వంకర హ్యాండిల్ ఏదని మావాడు అడుగుతాడు కదా! మొత్తం 7,150. పెద్ద సైకిల్‌ను 5,800కి అమ్మాను, 3,700 నష్టం. వెరసి 10,850. మొదటే సరిగ్గా కొలిచి ఉంటే ఏడు వేల లోపు పని.

మావాడు దాన్ని చూసి దగ్గరికి రాలేదు. దూరం నుంచే 'కొమ్ములెందుకు?' అన్నాడు. ఎదురుగాలికి వంగడానికని చెప్పాను. అవి పట్టుకుంటే బ్రేకు అందదు కాబట్టి ఖాళీ ట్రాక్ మీద ఎత్తెక్కేటప్పుడే అని షరతు పెట్టాను. కాసేపటికి వచ్చి సీటెక్కాడు. రెండు పాదాలూ ఆనాయి. బ్రేకు నొక్కాడు, వదిలాడు, మళ్లీ నొక్కాడు. అలా పది నిమిషాలు కదలకుండా బ్రేకే నొక్కుతూ కూర్చున్నాడు. నెల తిరిగేసరికి నార్సింగి వైపు ట్రాక్ మీద ఎనిమిది కిలోమీటర్లు తొక్కాడు. నేను అద్దె సైకిల్ మీద వెనక రొప్పుతూ వెళ్లాను.

ఇంటర్వ్యూలో సైకిల్

మీకు కావాల్సిన ముక్క ఇదే కదా. ఆ నెలలోనే ఓ ఇంటర్వ్యూలో 'ఈమధ్య మీరు పరిష్కరించిన సమస్య చెప్పండి' అన్నారు. పాత ప్రాజెక్టు గురించి బట్టీ పట్టిన జవాబు ఉంది. ఎందుకో నోట్లోంచి సైకిల్ వచ్చేసింది. తప్పు కొనడంతో సహా చెప్పాను. 'అడిగింది వంకర హ్యాండిలైతే అదే ఎందుకివ్వలేదు?', 'పిల్లాడు ఒప్పుకోకపోతే?' అంటూ ఇరవై నిమిషాలు తవ్వారు. అన్నేళ్లలో ఏ ఇంటర్వ్యూలోనూ అంత తడబడకుండా మాట్లాడలేదు, ఎందుకంటే అందులో ప్రతి అంకె నేను కొలిచిందే.

ఆ ఉద్యోగం రాలేదు. రెండు నెలల తర్వాత వేరే చోట వచ్చింది, అక్కడ సైకిల్ ఊసే ఎత్తలేదు. కాబట్టి ఇదేదో మంత్రమని చెప్పను. కానీ మీ రెజ్యూమెలోని మినీ ప్రాజెక్టు సీనియర్ల దగ్గర తెచ్చుకున్నదైతే, ఇంట్లో వాళ్లు ఈసారి 'కాస్త చూడు' అన్నప్పుడు విసుక్కోకుండా ఓ షీట్ తెరవండి. కొలతలు, ఖర్చులు, పొరపాట్లు రాసి పెట్టుకోండి. తప్పు టైరు బిల్లు కూడా పారేయకండి.

మావాడికిప్పుడు పదకొండు. కాలు 70 సెంటీమీటర్లు, 24 అంగుళాలు పొట్టిదైపోయింది. మళ్లీ వంకర హ్యాండిల్ పాట మొదలైంది. 2025 సెప్టెంబరులో సైకిళ్ల మీద జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించారని నాకు వాడే గుర్తు చేశాడు! పాతదాన్ని మూడు వేలకు గ్రూపులో పెట్టాం. పోయిన ఆదివారం మూడో బ్లాకు నుంచి ఒకాయన కూతురితో వచ్చాడు. 'పెరుగుతుందిగా, సరిపోతుంది' అంటున్నాడు. మావాడు లోపలికెళ్లి గేట్ పుస్తకం, టేపు తెచ్చి, ఆ పాపను గోడ దగ్గర నిలబడమన్నాడు. 56. 'అంకుల్, ఇంకో ఏడాది ఆగండి' అని చెప్పి పంపేశాడు.

సైకిల్ ఇంకా బాల్కనీలోనే ఉంది.