సరిహద్దు తాలూకాలో ఓటు నడక: బాగేపల్లి చెప్పే పాఠం

బెంగళూరు నుండి హైదరాబాదు పోయే జాతీయ రహదారిపై సుమారు 100 కిలోమీటర్లు వచ్చాక, ఆంధ్ర సరిహద్దుకు కాస్త ఇవతల కనిపించే చిన్న పట్టణం బాగేపల్లి. 2007 వరకు కోలారు జిల్లాలో ఉండి, ఆ ఏడాది ఏర్పడిన చిక్కబళ్లాపుర జిల్లాలో చేరింది. ఇక్కడ కార్యాలయాల భాష కన్నడం. ఇంటి భాష, సంత భాష అధికంగా తెలుగు. 2025లో కర్ణాటక మంత్రివర్గం ఈ ఊరికి ‘భాగ్యనగర’ అనే పేరును ఆమోదించింది. పేరు మాట ఎలా ఉన్నా, ఇక్కడి ఓటు నడక మాత్రం సరిహద్దు గ్రామాల వారందరూ తెలుసుకోదగినది.

మొదటి విశేషం ఎర్రజెండా. కర్ణాటకలో వామపక్షాలకు బలం స్వల్పం. అయినా బాగేపల్లి ఓటర్లు 1994లోను, 2004లోను మార్క్సిస్టు పార్టీ నాయకుడు జి.వి. శ్రీరామరెడ్డిని శాసనసభకు పంపారు. దీనికి కారణం సిద్ధాంత పాండిత్యం కాదు. ఇది వానలు తక్కువ కురిసే మెట్ట ప్రాంతం. జీవనది లేదు, చిత్రావతి వానాకాలపు ఏరు. బోర్లు లోతుకు పోయేకొద్దీ నీటిలో ఫ్లోరైడు సమస్య. ఇటువంటి చోట భూమి, కూలి, తాగునీరు అనే మూడు మాటలను విడువక పట్టుకున్న సంఘానికి పేదల ఓటు దక్కడం సహజం.

రెండవ విశేషం, పార్టీ కంటె మనిషికి ప్రాధాన్యం. 1999లో ఎన్. సంపంగి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచి, 2008లో కాంగ్రెసు పక్షాన గెలిచారు. ఎస్.ఎన్. సుబ్బారెడ్డి 2013లో స్వతంత్రునిగా, 2018లోను 2023లోను కాంగ్రెసు అభ్యర్థిగా గెలిచారు. గుర్తు మారినా మనిషి నిలిచాడు. ఓటరు ముందు అభ్యర్థిని చూసి, తరువాతనే గుర్తును చూస్తున్నాడని దీనివల్ల బోధపడుతుంది. ఇందులో మేలూ ఉంది, కీడూ ఉంది. అందుబాటులో ఉండే వ్యక్తి దొరకడం మేలు. ఆ వ్యక్తి తప్పుకుంటే వెనుక నిలిచే వ్యవస్థ లేకపోవడం కీడు. వామపక్షం అనుభవమూ ఇదే. 2018లో శ్రీరామరెడ్డి రెండవ స్థానంలో నిలిచారు. అనంతరం ఆయన పార్టీకి దూరమయ్యారు, 2022లో కన్నుమూశారు. 2023లో ఆ పార్టీ మూడవ స్థానానికి దిగిపోగా, భారతీయ జనతా పార్టీ రెండవ స్థానానికి వచ్చింది.

మూడవ విశేషం, ఎన్నికను బట్టి తీర్పు మారడం. బాగేపల్లి చేరి ఉన్న చిక్కబళ్లాపుర లోక్‌సభ స్థానంలో 2009, 2014లలో కాంగ్రెసు నాయకుడు వీరప్ప మొయిలీ గెలిచారు. 2019లో బి.ఎన్. బచ్చేగౌడ, 2024లో డాక్టర్ కె. సుధాకర్ భారతీయ జనతా పార్టీ తరఫున గెలిచారు. ఈ సుధాకరే అంతకు ఏడాది ముందు, 2023లో, పొరుగున ఉన్న చిక్కబళ్లాపుర శాసనసభ స్థానంలో ఓడిపోయారు. ఆ ఎన్నికలో తెలుగు హాస్యనటుడు బ్రహ్మానందం ఆయనకు ప్రచారం చేశారు. తెలుగు తారను చూడటానికి జనం వస్తారు. ఓటు వేసేటప్పుడు తమ లెక్క తాము చూసుకుంటారు. భాషాభిమానం వేరు, ఓటు వేరు.

భాష ఒకటైనంత మాత్రాన ప్రయోజనాలు ఒకటి కావనడానికి చిత్రావతిపై పరగోడు వద్ద తలపెట్టిన ఆనకట్ట మంచి ఉదాహరణ. ఎగువన బాగేపల్లి వారికి అది తాగునీటి ఆశ. దిగువన అప్పటి అనంతపురం జిల్లా రైతులకు అది తమ చెరువులు ఎండిపోతాయన్న భయం. 2003 ప్రాంతంలో ఈ వివాదం రెండు రాష్ట్రాల నడుమ వేడెక్కింది. ఇరువైపుల వాదించినవారూ తెలుగువారే. కానీ ఎవరి ఓటు వారి ఏటి గట్టు వైపే నిలిచింది.

సరిహద్దు కుటుంబాలు గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఆడపిల్లను అవతలి రాష్ట్రానికి ఇచ్చినప్పుడు, పనికోసం ఇల్లు మారినప్పుడు, పాత ఊరి జాబితాలో పేరు అలాగే ఉండి, కొత్త ఊరిలో మరల చేరుతుంది. రెండు చోట్ల ఓటు ఉండటం కొందరికి గొప్పగా తోచవచ్చు. కానీ 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒక వ్యక్తి పేరు ఒక్క నియోజకవర్గంలోనే, అదీ ఒక్కసారే నమోదు కావాలి. దరఖాస్తులో తెలిసి అబద్ధం వ్రాయడం శిక్షార్హం. నివాసం మారినవారు 8వ నమూనా దరఖాస్తు ద్వారా పేరును కొత్త చోటికి మార్పించుకోవచ్చు. రెండు చోట్ల పేరున్న మనిషిని ఇరువైపుల నాయకులూ ఎన్నికల నాడు తమవాడనే అంటారు. నీటి కుళాయి అడిగిన నాడు అవతలివాడని పంపివేస్తారు.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెత ఊరకే పుట్టలేదు. బాగేపల్లి ఓటరు ఎర్రజెండాను, స్వతంత్రుని, జాతీయ పార్టీలను వంతులవారీగా పరీక్షించాడు. వారందరినీ అతడు అడిగిన ప్రశ్న మాత్రం ఒక్కటే: నీళ్లు ఎప్పుడు వస్తాయి?